నిద్ర చూసి కొన్న వజ్రం

నా భార్య ముక్కుపుడకలో వజ్రం వదులైందని మొదట కనిపెట్టింది తువ్వాలు. మొహం తుడుచుకుంటుంటే ఒక నూలుపోగు రాయి అంచుకు చిక్కుకుందట. లాగితే రాయి గూట్లో టిక్కుమని కదిలిందట. ఇరవై మూడేళ్లలో ఆ వజ్రం తన ఉనికిని చాటుకోవడం అదే మొదటిసారి. మెరవడం అనే పని దానికి ఎప్పుడూ చేతకాలేదు.

పెళ్లిళ్లలో ఆడవాళ్లు నా భార్య మొహంలోకి కాసేపు చూసి, "ఇది ఒజ్రమేనా?" అని అడిగేవాళ్లు. మా అక్క అయితే అడగడం మానేసి తీర్పే చెప్పేసింది. "ఒజ్రానికేం మే, బాగానే ఉండాది. నీ మొగంలో జిడ్డు జాస్తి. రాయేం సేస్తాది పాపం!"

ఆ తీర్పు కింద మొదటి సంతకం నాది.

నేను చిత్తూరులో బస్సు డిపో గుమాస్తాను. డ్రైవర్లకు, కండక్టర్లకు డ్యూటీ చార్టులు రాస్తాను. 'రాయి' అని పై అధికారి అంటే పెన్ను తీయడం తప్ప, రాయి గురించి నాకింకేమీ తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మాత్రం నా చార్టులో లేదు. అందుకే పెళ్లయిన కొత్తలో, రాయి ఎందుకు మెరవడం లేదని తను అడిగినప్పుడు, అప్పటికప్పుడు కారణం కల్పించాను. "నీ మొగం మింద నూనె, పసుపు అంతా రాయి ఎనక్కి పోతాండాది. నువ్వు సరిగ్గా కడగవు."

నేను అని మరిచిపోయాను. తను మరిచిపోలేదు. మొహానికి పసుపు మానేసింది. తలకు నూనె పెట్టుకున్న రోజు నుదుటి చుట్టూ చేతిగుడ్డ కట్టుకునేది. ప్రతి శుక్రవారం కుంకుడుకాయ నురగ, పాత పళ్లబ్రష్షు పట్టుకుని అద్దం ముందు నిలబడి ముక్కు తోముకునేది. చివరికి ముక్కు మెరిసేది కానీ రాయి మెరిసేది కాదు. ఎవరైనా ఫోటో తీస్తుంటే పుడక లేని వైపు చెంప చూపేది. మొదట్లో ఇదంతా నాకు తమాషాగా ఉండేది, తర్వాత అలవాటైంది, ఆ తర్వాత కనిపించడమే మానేసింది. ఇప్పుడు అవన్నీ ఎన్ని శుక్రవారాలో తలుచుకుందామంటే, తోమింది నేనే అన్నట్టు చెయ్యి నొప్పి పుడుతుంది.

ఆ రాయిని ఎంచింది కూడా నేనే. ఎంచిన పద్ధతి మా అమ్మది.

కోడలికి ఒంటిరాయి ముక్కుపుడక పెట్టాలని అమ్మకు కోరిక. వజ్రం అందరికీ అచ్చిరాదని, ఇంట్లో పెట్టుకుని పరీక్షించకుండా కొనకూడదని నమ్మకం. తెలిసినవాళ్లకు అంగడివాళ్లు రాళ్లను కాగితం పొట్లాల్లో కట్టి ఇచ్చేవాళ్లు. ఇంటి మగవాడు ఆ పొట్లం దిండు కింద పెట్టుకుని మూడు రాత్రులు పడుకోవాలి. చెడ్డ కల వచ్చినా, ఇంట్లో ఎవరికైనా దెబ్బ తగిలినా రాయి వాపసు. మొదటి రాయి వచ్చిన మర్నాడే మా నాయన మెట్ల మీద జారాడు. రెండో రాయి ఉన్నప్పుడు నాకు బ్రేకు పడని బస్సు కలలోకి వచ్చింది. మూడో రాయి పెట్టుకుని మూడు రాత్రులూ మొద్దులా నిద్రపోయాను. "అచ్చొచ్చిందిరా!" అంది అమ్మ, పరీక్ష పాసైంది నేనేనన్నంత సంతోషంగా.

నా భార్య మా మేనమామ కూతురే. నగరిలో మగ్గాల చప్పుడు మధ్య పెరిగింది. గుడ్డ చేతికిస్తే ధర అడగదు, రంగు చూడదు, ముందు వెలుతురుకు పట్టి చూస్తుంది. మూడో రాయి ఖాయం చేసిన రోజు కూడా చెయ్యి చాపింది. "బావా, ఒక్కతూరి ఎండలో సూసిస్తా, ఇట్లియ్యి."

"ఇదేమన్నా సీరా, ఎండలో సూసేదానికి?" అన్నాను. అమ్మ నవ్వింది. తను చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ అడగలేదు.

ఇన్నేళ్లలో తప్పు తన మొహానిదని అందరం అన్నాం కానీ, రాయిని ఊడదీసి చూసినవాళ్లు లేరు. వెనకంతా బంగారంతో మూసేసిన గూడు అది. తువ్వాలు పుణ్యమా అని ఇప్పుడు దాన్ని విప్పక తప్పలేదు.

తిరుపతి బజారు వెనక సందులో, మేడ మీద చిన్న గదిలో, రాళ్లు కట్టే ముసలాయన ఉన్నాడని ఎవరో చెబితే వెళ్లాం. ఎండ, బస్సు, మెట్లు. మూడో మలుపు దగ్గర ఇద్దరం ఆగి ఊపిరి తీసుకున్నాం. నాకు లోపల బెరుగ్గా ఉంది. రాయి గాజని తేలితే ఏం చెప్పాలో ఆలోచించుకున్నాను, అంగడివాడు మోసం చేశాడనవచ్చు. గాజు కాదని తేలితే ఏం చెప్పాలో మాత్రం తోచలేదు.

"ఇప్పొద్దు స్వామీ, అట్నే బిగించేయండి సాలు" అన్నాను.

"ఇప్పండి" అంది నా భార్య, పుడక తీసి బల్ల మీద పెడుతూ. "లోపలేముండాదో నేను సూడాల."

ముసలాయన సన్నటి ఉలితో బంగారం అంచు లేపాడు. రాయి ఊడి వచ్చింది. గూటి అడుగున నల్లగా, పెచ్చులా మురికి. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, అది చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "సూసినావా?" అన్నాను కూడా.

తను తల వంచుకుంది. "అంత తోమినానే..." అని తనలో తనే అనుకుంది.

"మూసిన గూడు గదమ్మా. నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. మురికి అందరికీ ఉంటాది" అన్నాడు ముసలాయన. రాయిని సబ్బునీళ్లలో కాచి, కుంచెతో రుద్ది, తుడిచి, తెల్లకాగితం మీద పెట్టాడు. ముగ్గురం వంగి చూశాం.

రాయి అలాగే ఉంది. బలవంతంగా లేపితే లేచి, మళ్లీ అటు తిరిగి పడుకున్నవాడిలా.

ఆయన పక్కనున్న దినపత్రిక లాగి, అచ్చు సన్నగా ఉన్నచోట రాయిని బోర్లా పెట్టాడు. "సదువప్పా" అన్నాడు. కళ్లజోడు సర్దుకుని చూశాను. రాయిలోంచి ఒక అక్షరం సగం, దాని పక్క అక్షరం ఇంకో సగం తేటగా కనిపించాయి. అప్పుడాయన సొరుగులోంచి ఇంచుమించు అదే వెడల్పున్న ఇంకో వజ్రం తీసి పక్కన బోర్లా పెట్టాడు. దానిలో అక్షరం లేదు, కాగితమే లేదు. వెలుగు ముక్కలు, చీకటి ముక్కలు కలిసి అల్లరి చేస్తున్నాయి.

"అయితే మాది గాజా?" అన్నాను. నా గొంతులో ఆశ నాకే వినిపించింది.

ఆయన పెన్నులాంటి మిషను ఒకటి రాయికి ఆనించాడు. అది కుయ్యిమంది. "ఒజ్రమే, సందేహంల్యా. కోతే సరిగ్గా లేదు. పైకి పెద్దదిగా కనబడాలని అడుగున పలచంగా కోసినారు. మిందనుంచి పడిన ఎల్తురు అడుక్కు తగిలి మళ్లీ పైకి రావాలప్పా. దీంట్లో పడింది పడినట్టే కిందికి కారిపోతాది. యాడ పెట్టినా ఇంతే, ఎవురు పెట్టుకున్నా ఇంతే."

కరెంటు కోత తెలుసు, జీతంలో కోత బాగా తెలుసు. రాయికి ఒక కోత ఉంటుందని, వజ్రమంటే సగం అదేనని నాకు ఆ వయసులో తెలిసింది.

నా భార్య ఆయన చేతిలోంచి రాళ్లు పట్టే చిమటా తీసుకుని, ముందు మా రాయిని, తర్వాత ఆయన రాయిని కిటికీ వెలుతురులో పట్టి చూసింది. చాలాసేపు చూసింది. "పల్సని నేత బావా ఇది" అంది. "ఆ పొద్దు ఇచ్చింటే ఆ పొద్దే సెప్పుందును."

"కొనేటప్పుడు ఏం సూసి కొన్నారప్పా?" అన్నాడు ముసలాయన.

"నిద్ర సూసినాం స్వామీ."

ఆయనకు అర్థమైంది. నవ్వలేదు. "పట్టిందా?"

"బాగా పట్టింది." అక్కడితో ఆగి ఉండవచ్చు. అలిసిపోయి ఉన్నానో ఏమో, మిగతాది కూడా నోట్లోంచి జారింది. "కొండకు స్పెషల్ బస్సులేసిన దినాలు స్వామీ అవి. పొద్దన్నుంచీ బస్టాండులో నిలబడి, ఆకరి బస్సుకు ఇల్లు సేరేవాణ్ని. దిండు కింద రాయి కాదు, దిండు బదులు కంకర మూట పెట్టినా నిద్రపోయుందును."

నా భార్య చిమటా కింద పెట్టింది. "ఈ మాట అత్తకు సెప్పినావా?"

"లేదు."

"నాకు?"

దానికి జవాబు ఇద్దరికీ తెలుసు. ముసలాయన మమ్మల్ని కాపాడదామని కాబోలు, రాయిని సూరత్‌కు పంపితే మళ్లీ కోసి ఇస్తారని, బాగా మెరుస్తుందని, కాకపోతే ఆవగింజంత అవుతుందని చెప్పాడు.

"వద్దు సామీ. ఉన్నది ఉన్నట్టే కట్టీండి" అంది తను. "దాన్నెందుకు కోసేది, దాని తప్పేముండాది?"

మెట్లు దిగుతూ అడిగింది. "మీ అక్కకు ఎవురు సెప్తారు?"

"నువ్వే సెప్పు. ముసిలాయన సెప్పినాడని సెప్పు."

"నేను సెప్తే నమ్ముతారా? నా మొగం గురించి వాళ్లకు సెప్పింది నువ్వు గదా బావా."

గొంతులో కోపం లేదు. కోపముంటే తేలిగ్గా ఉండేది, దానికి నా దగ్గర మందులున్నాయి.

ఆ తర్వాతి ఆదివారం మా అక్క మనవడికి కాణిపాకంలో చెవులు కుట్టించి, భోజనాలకు పూతలపట్టులో అక్క ఇంటికి చేరాం. వరండాలో ఆకులు వేశారు. అక్క నా ఎదురుగా కూర్చుంది. నా భార్య వడ్డిస్తోంది. బిగించిన పుడక పెట్టుకునే వచ్చింది. అక్క దాన్ని చూసి మొదలుపెట్టింది. "ఏం మే, తిరుపతికి పోయి బాగు సేయించుకుంటిరంట, ఇప్పుడు కూడా అట్నే ఉండాదే!"

ఇదే అదను అనుకుని, నాకు చేతనైన పద్ధతిలో చెప్పాను. "ఒజ్రంలో కోత తక్కువక్కా, నాలో కోతలెక్కువ. రెండూ కలిసి నీ మరదలి ముక్కు మింద కూసున్నాయి." పంక్తి మొత్తం నవ్వింది. అక్కకు పొలమారింది. నెత్తి మీద తట్టుకుంటూ, "నీ యాసాలు ఎప్పుడు పోతాయిరా!" అంది. నా మాటలో నిజం ఉందని ఒక్కరికీ అనిపించలేదు. ముప్పై ఏళ్లు నవ్వించినవాడు నిజం చెబితే అది కూడా ఆకు మీద వడియంలా కరకరలాడి పోతుంది.

నవ్వనిది నా భార్య ఒక్కతే. పప్పు గిన్నె పట్టుకుని, ముందుకు కదలకుండా అక్కడే నిలబడింది.

రెండోసారి చెప్పడం కష్టమైంది. మాటను మాటతో ముడిపెట్టకుండా ఒక వాక్యం పూర్తి చెయ్యడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. నోటిదాకా వచ్చిన రెండు చమత్కారాలను మింగి, చెయ్యి ఆకులో పెట్టుకుని, కిందికి చూస్తూ అన్నాను. "తమాషా కాదక్కా. ఆ రాయిని నేను సరిగ్గా సూడకుండా కొన్నాను. దాని కోతే బాగలేదు, ఎవురు పెట్టుకున్నా మెరవదు. తన మొగంలో జిడ్డూ లేదు, ఏమీ లేదు. నాకు తెలీక, తెలీదని సెప్పలేక, తన మింద ఏసినాను."

ఎవరూ నవ్వలేదు. అక్క నా వైపు చూసింది, తర్వాత నా భార్య వైపు చూడబోయి, చూడలేక ఆకు వైపు చూసుకుంది.

"ఇన్నేండ్లూ మాతో గూడా అనిపిస్తివి గదరా" అంది, మెల్లగా.

నా భార్య కదిలింది. పక్క ఆకులో పప్పు వేసి, దాని పక్క ఆకులో వేసి, అక్క దగ్గరికి వెళ్లి, "ఇంకొంచెం ఎయ్యాలా వదినా?" అని అడిగింది. అక్క వద్దనలేదు. వరస మారి నా దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగంటింది. అడుగున ఉన్నదంతా గరిటెతో గీకి నా ఆకులో వేసి, ఇంకా తెస్తానని లోపలికి వెళ్లింది.