ఒక ఉత్తరానికి ఒకే కొర్రీ

మా ఆఫీసులో కొనుగోళ్లు చూసే గుమాస్తాని అందరూ కొర్రీ మాస్టారు అనేవాళ్లు. ఏ ఫైలు వచ్చినా ఏదో ఒక అభ్యంతరం రాసి వెనక్కి పంపకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. పక్క సీట్లో కూర్చుని పదకొండేళ్లు ఆ కొర్రీలన్నీ టైపు చేసింది నేనే. అంచేత ఆయన్ని తిట్టే హక్కు నాకుంది.

మాది నది నీటిమట్టం కొలిచే సంస్థ. నది మధ్యలో అంకెలు వేసిన స్తంభం ఒకటుంది. రోజూ పొద్దున్నే పడవలో వెళ్లి నీళ్లు ఏ అంకె దాకా వచ్చాయో చూసి రావడం మాస్టారి బావమరిది ఉద్యోగం. తడి కాళ్లతో మా గదిలోకొచ్చి, అంకె చెప్పి, నా బల్ల మీది మంచినీళ్లు అడక్కుండానే తాగేసేవాడు. మూత పెట్టేవాడు కాదు. ఏడాదిగా కుడి భుజం పట్టేసి తెడ్డు వేయలేక అవస్థ పడుతున్నాడు.

తమ్ముణ్ని చూసి మాస్టారి భార్య ఇంట్లో పోరు పెట్టింది. డ్రోన్ కొంటే అదే ఎగిరి వెళ్లి స్తంభాన్ని ఫొటో తీసుకొస్తుందని, కొందామని మొదట రాసింది మాస్టారే. జన్మలో ఆయన తనంతట తాను కదిపిన ఫైలు అదొక్కటే.

ప్రభుత్వ సంస్థలు కొనే డ్రోన్లలో నిషేధించిన దేశాల భాగాలేవీ ఉండకూడదని ఉత్తర్వు ఉంది. ఏ భాగం ఎక్కడ తయారైందో అమ్మే కంపెనీ ధ్రువపత్రం ఇవ్వాలి. అడగడం ఆయన డ్యూటీ, కాదనను. కానీ ఆయనకో పద్ధతి ఉంది. ఒక ఉత్తరానికి ఒకే కొర్రీ. రెండు అడిగితే అవతలివాళ్లు సులువైనదానికి జవాబిచ్చి రెండోది మింగేస్తారట.

మొదటి ఉత్తరం బ్యాటరీ గురించి. జవాబుకి పద్దెనిమిది రోజులు. రెండోది కెమెరా గురించి.

"మాస్టారూ, సిగ్నల్ చిప్పు సంగతి కూడా ఇందులోనే అడిగేద్దామా?" అన్నాను.

"నువ్వు టైపు చెయ్యమ్మాయ్. పద్ధతి నేను చూసుకుంటా."

నాకు ఒళ్లు మండింది. అయినా టైపు చేశాను. దానికి ఇరవై రోజులు. చిప్పు గురించి మూడో ఉత్తరం వెళ్లేసరికి నది పెరగడం మొదలైంది.

"ఇంకెన్నాళ్లు బావా?" అన్నాడు బావమరిది, నా గ్లాసు ఖాళీ చేస్తూ.

"ఇదొక్కటేరా. జవాబు రాగానే ఆర్డరు పెట్టేస్తా."

"సరే, కాస్త ఓపిక పట్టమని నా భుజానికి చెప్తాలే."

నాలుగో రోజు పొద్దున వరద ఉధృతికి పడవ స్తంభానికి కొట్టుకుని బోల్తా పడింది. ఒంటి చేత్తో ఎంతసేపని ఈదుతాడు? రెండు రోజుల తర్వాత దిగువన దొరికాడు.

ఆ తర్వాతి వారం కంపెనీ జవాబు వచ్చింది. కవరు నేనే చింపాను. చిప్పు ధ్రువపత్రం మీది తేదీ ఎక్కడో చూసినట్టనిపించింది. పాత రెండూ తీసి దాని పక్కన పెట్టి చూశాను. మూడింటి మీదా ఒకటే తేదీ. మా మొదటి ఉత్తరానికి నెల ముందుది. మొదటి ఉత్తరంలోనే అడిగుంటే మూడూ ఒకేసారి పంపేవాళ్లు.

డ్రోన్ వచ్చింది. మొదటిసారి ఎగరేసిన రోజే మాస్టారి భార్య తమ్ముడి తువ్వాలు, క్యారేజీ తీసుకెళ్లడానికి వచ్చింది. ఆరు నిమిషాల్లో స్తంభం ఫొటో తెర మీదికొచ్చింది. ఆవిడ దాన్ని చూసి, మొగుడి వైపు చూడకుండా నా దగ్గరికొచ్చింది.

"ఆ ఉత్తరాలు టైపు చేసింది నువ్వే కదమ్మా? ఆ మూడు మాటలూ ఒక్క కాగితంలో పట్టవా?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు.

"పడతాయక్కా. ఇంకా సగం కాగితం మిగులుతుంది."

మాస్టారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆ రోజు నుంచి ఏ ఫైలు వచ్చినా చదవకుండానే సంతకం పెట్టేస్తున్నారు. నా మంచినీళ్ల గ్లాసు మీద ఇప్పుడు మూత ఎప్పుడూ ఉంటుంది.