వియ్యంకుడి కారుకు చింతపండు

"ఆ సీర తియ్యకు బాబూ. ముందు కూకో. నేను సెప్తాను, ఇన్నాక సూద్దువుగాని. ముందే సూసేవంటే నా మొకం సూడలేవు."

బరంపురానికీ ఇచ్ఛాపురానికీ మధ్య, గిరిసోలలో రైలు పట్టాల పక్కన కూర్మమ్మ ఇల్లు. అటు వెళ్తూ పలకరిద్దామని ఆగాను. వాకిట్లో తెల్ల కారు ఒకటి నిలబడి ఉంది. దాని బానెట్ మీద పాత నేత చీర పరిచి, గాలికి ఎగరకుండా కొసల్ని అటూ ఇటూ అద్దాలకి ముడివేశారు. ఒంట్లో బాగోలేని మనిషికి దుప్పటి కప్పినట్టుంది. గుమ్మం పక్కన సర్దిన సంచీ ఒకటి కనిపించింది.

"ఎవరిదప్పా కారు?" అని అడిగాను.

"మా వియ్యంకుడిది. అప్పలస్వామి గారిది. ఈ మద్దేనం బస్సుకి వస్తన్నారు, తీసుకెల్లిపోడానికి. నేను ఇచ్చాపురం మా సెల్లి ఇంటికి ఎల్లిపోదామని సంచీ సర్దినాను. తాళంసెవి పక్కింటి ముత్యాలుకి ఇచ్చీసి ఎల్లిపోతే, ఆయన బండి ఆయన తోలుకుపోతారు. నా మొకం సూసే పని ఆయనకుండదు, ఆయన మొకం సూసే పని నాకుండదు."

కూర్మమ్మ ఇలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. బరంపురంలో మా ఇళ్లలో ఏ పెళ్లి జరిగినా ముందు రోజే ఆమె దిగేది. పెరట్లో కొళాయి దగ్గర పీట వేసుకుని, నానబెట్టిన చింతపండు, రాళ్లుప్పు, కొబ్బరి పీచు ముందు పెట్టుకుని, గుండిగలూ కాగులూ ఒక్కొక్కటే ఒళ్లోకి లాక్కునేది. భర్త రైల్వేలో గ్యాంగ్‌మాన్. ఆయన పోయాక ఆమెను నిలబెట్టింది ఆ చేతులే. తోమిన ప్రతి గిన్నెనూ మొహం దగ్గరికి ఎత్తి చూసుకునేది. అందులో తన ముక్కుపుడక స్పష్టంగా కనబడితేనే కింద పెట్టేది, లేకపోతే మళ్లీ పీచు అందుకునేది. "కూర్మమ్మ ముక్కుపుడక కనబడిందా?" అన్న మాటని మా ఇంట్లో సామెతలా వాడేవాళ్లం.

ఇప్పుడు పెళ్లిళ్లకి వంటవాళ్లే స్టీలు సామానుతో వస్తున్నారు. ఆమెకు పిలుపులు తగ్గాయి. పేరు మాత్రం తగ్గలేదు.

ఆ పేరే కొంప ముంచిందని ఆమె అంటుంది.

కూతురు సౌందర్యని బరంపురంలో ప్రేమ్‌కి ఇచ్చింది. ప్రేమ్ తండ్రి అప్పలస్వామి ఉద్యోగమంతా ఆఫీసర్ల జీపులు తోలి రిటైరయ్యాడు. పెళ్లిలో ఆడపిల్ల వారు పెట్టిన ఇత్తడి చెంబుని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నలుగురికీ వినబడేలా అన్నాడట: "సెల్లెమ్మా, ఇందులో నా బట్టతల నాకే కనబడతంది. ఇంక ఇంట్లో అద్దం అక్కర్లేదు." పందిరంతా నవ్వింది. కూర్మమ్మ ఆ మాటని పట్టుచీరలా మడిచి దాచుకుంది.

రిటైరయ్యాక అప్పలస్వామి కొనుక్కున్న మొదటి సొంత కారు ఇది. ఈ మధ్య వాళ్ల వీధిలో కాలువ పని మొదలుపెట్టి, రోడ్డంతా తవ్వి పోశారు. కారు లోపలికి వెళ్లే దారి లేదు. "సెల్లెమ్మ వాకిలి ఇశాలంగా ఉంది" అని తనే తోలుకొచ్చి, రోడ్డు పూడ్చాక తీసుకెళ్తానని ఇక్కడ పెట్టాడు. వెళ్లేటప్పుడు భుజం మీది తువ్వాలు తీసి బానెట్ ఒకసారి తుడిచాడు.

"ఏటన్నారో తెల్సా బాబూ? 'నీ దగ్గరుంటే నేను గుండెల మీద సెయ్యేసుకుని తొంగుంటాను' అన్నారు. అంత మాట ఎవులంటారు, సెప్పు. నాకు ఆ పూట అన్నం ఎక్కలేదు, అంత సంతోసం."

కొన్నాళ్లకి ఆ తెలుపు మీద ఆవగింజంత ఎర్రటి చుక్కలు కనిపించాయి. మొదట పురుగులేమో అనుకుంది. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు. గోరుతో తడిమితే గరగరలాడాయి. అవేమిటో ఆమెకు తెలియనివి కావు. స్టేషను దగ్గరికొచ్చి గూడ్సు బళ్లు బ్రేకు వేసినప్పుడల్లా చక్రాల దగ్గర ఇనుము అరిగి పొడిలా లేస్తుంది. అది ఎక్కడ వాలితే అక్కడ, మంచు తగలగానే తుప్పు పడుతుంది.

"మా ఆయన సొక్కాలన్నీ అలాగే ఉండీవి. నిమ్మకాయా ఉప్పూ రాసి ఎండలో పడీస్తే పోయీవి. బట్ట మీద పోయింది బండి మీద పోదేటి, అనుకున్నాను. నా వాకిట్లో ఉండి పాడైపోనాదంటారని బయమొకటి. నా సెయ్యి ఉండగా బయమేటి అని పొగరొకటి. పొగరే ఎక్కువ బాబూ. బయమే ఎక్కువైతే ప్రేమ్ బాబుకి పోను సేసుందును."

చింతపండు నానబెట్టింది. ఉప్పు కలిపింది. కొత్త కొబ్బరికాయ పీచు తీసింది. గుండిగ తోమినట్టే, కొంగు నడుముకి బిగించి, గుండ్రంగా తిప్పుతూ ఒత్తి ఒత్తి తోమింది. పక్కింటి ముత్యాలు గోడ మీంచి చూసి, "ఏటే కూర్మీ, కారుకి పులుసెడతన్నావా?" అంది.

"నీ మొగుణ్ని ముందు సైకిలు కొనమను. దానికి సారెడతాను" అని ఈమె.

నీళ్లు పోసి కడిగి, ఆరాక, అలవాటుగా ముక్కుపుడక కోసం వంగి చూసింది.

 ఇది చెబుతూ కూర్మమ్మ తన చీర అంచుని వేళ్ల మధ్య నలిపింది.

"పుడక కాదు కదా, మొకమే కనబళ్లేదు బాబూ. పొగ పట్టినట్టయిపోనాది. ఎండ పడితే సాలీడు గూడులా గీతలు, మద్దిన ఎర్ర సుక్కలు ఎక్కడివక్కడే. ముత్యాలు నవ్వుతాదనుకున్నాను. నవ్వినా బాగుణ్ను. కొంగు నోటికి అడ్డం ఎట్టుకుని లోపలికి ఎల్లిపోనాది."

ఆ సాయంత్రం కూతురికి ఫోన్ చేసింది. సౌందర్య కోప్పడలేదు. "అమ్మా" అని ఊరుకుంది. ఆ ఊరుకోవడం ఇంకా చెవిలో ఉందట. తండ్రికి తెలియకుండా ప్రేమ్ నిన్న మసేనుని పంపాడు. బరంపురంలో కార్లకి పాలిష్ పట్టే మనిషి, ప్రేమ్ స్నేహితుడు.

మసేను వచ్చి కూర్మమ్మని తిట్టలేదు. చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడుక్కుని కారంతా నిమిరాడు. ఆమె చేతికీ ఒకటి తొడిగి నిమరమన్నాడు. కంటికి కనబడనిది కూడా కవరులోంచి ఉప్మా రవ్వలా తగిలిందట. తర్వాత ఏదో మందు చల్లాడు. కుళ్లిన గుడ్ల కంపు. ఎర్ర చుక్కలన్నీ నేరేడు పళ్లు చిదిమినట్టు ఊదారంగులో కరిగి కిందికి కారాయి. అప్పటికీ అతుక్కుని ఉన్న వాటి కోసం, పిల్లలాడుకునే బంకమట్టిలాంటి మెత్తటి ముద్ద తీసి, సబ్బునీళ్లు చల్లి, దాని మీద తేలిగ్గా అటూ ఇటూ జార్చాడు.

"నేనూ ఒక సెయ్యి ఏస్తానన్నాను. ఇచ్చినాడు. నేను ఒత్తినాను. 'ఒత్తకు పిన్నీ, ఒత్తితే గీస్తాది, నీల్ల మీద జారనీ' అన్నాడు. ఒత్తకుండా మురికి పోతాదేటి, అన్నాను. పోనాది బాబూ. గాజులా అయిపోనాది."

చుక్కలు పోయాయి. గీతలు మిగిలాయి. మిషను పట్టి చాలావరకు తీశాడు. నడి బానెట్ మీద లోతుగా పడ్డవి మాత్రం వదిలేశాడు. రంగు మీద సన్నని పూత ఉంటుందనీ, ఇంకా అరగదీస్తే ఆ పూత పోయి రంగే లేచిపోతుందనీ చెప్పాడు.

"పూత అన్నాడు బాబూ. నేను కళాయి పోసిన గిన్ని లోపల ఏనాడైనా పీసు ఎట్టినానేటి? మీ అమ్మగారిని అడుగు. కొత్త కోడల్లు ఎట్టబోతే సెయ్యి మీద కొట్టీదాన్ని, పూత పోతాదే అని. బండిదీ పూతేనని నా బుర్రకి తట్టలేదు. తెల్లగా మెరిసీ సరికి గిన్ని అనుకున్నాను."

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. స్పీకరు నొక్కి ఒళ్లో పెట్టుకుంది. ప్రేమ్ గొంతు.

"అత్తా, నాన్న బస్సెక్కీసినాడు. నువ్వు కంగారు పడకు. బండి మీదకి మేకలెక్కినాయని సెప్పీ."

"మేకలెవులివి బాబూ?"

"ముత్యాలు పిన్నికి ఉన్నాయి కదా. ఎక్కుతాయి, మేకలన్నాక. నాన్న ఏటీ అనడు. ఠిక్ అచ్ఛి, సరేనా?"

ఆమె జవాబు చెప్పకముందే ఫోన్ పెట్టేశాడు. గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ముత్యాలు తల పైకి వచ్చింది.

"సెప్పీయే కూర్మీ" అంది. "నా మేకలకి పరువేటి, పోడానికి? వాటినేటీ మీ వియ్యంకుడు పెల్లికి పిలవడు."

కూర్మమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలోనే తిరిగిపోయింది. ముత్యాలు ఆ మాట ఎగతాళిగా అనలేదు, సాయంగానే అంది. అందుకే కాబోలు కూర్మమ్మ తల ఇంకా కిందికి దిగింది. కాసేపు సంచీ వంక చూసింది, కాసేపు కారు వంక చూసింది. తర్వాత లేచి వెళ్లి అద్దాలకి కట్టిన ముడులు తనే విప్పి, చీర తీసేసింది.

ఎండ నేరుగా పడుతోంది. కారంతా పాలమీగడలా ఉంది. నడిమధ్యన మాత్రం గీతలు, ఒకదాని లోపల ఒకటి, గుండ్రంగా. నేను మర్యాదకి "పెద్దగా కనబడటం లేదప్పా" అన్నాను.

"అబద్దమాడకు. మేక గిట్ట ఇలాగ తిరుగుతాదేటి? సూడు. ఇక్కడ మొదలెట్టి, ఇలాగ తిప్పి, మల్లీ ఇక్కడికే తెచ్చినాను. ఇది నా సెయ్యి. మీ ఇంట్లో ఏ గుండిగ అడుగు సూసినా ఇదే సుట్టు." ఆమె వేలు గీతల మీద ఆనకుండా గాల్లోనే గుండ్రంగా తిరిగింది. "ఆయన బండ్లతో బతికినోరు. సూడగానే తెల్సిపోతాది. తెల్సి, పెద్ద మనిసి, ఏటీ అనరు. పోనీలే సెల్లెమ్మా, మేకలే కదా, అంటారు. ఇంక పండక్కీ పబ్బానికీ నేను ఎల్లినప్పుడల్లా ఆయనకి తెల్సూ, నాకు తెల్సూ, ఇద్దరం మేకల మాట సెప్పుకోవాల. ఆ సెంబు ఇంకా ఆల దేవుడి గదిలో ఉంది బాబూ. నేను దాని ఎదరకి ఎలాగెల్తాను?"

  ఆమె ఆ చీరను నాలుగు మడతలు పెట్టి అరుగు మీద వేసింది. సంచీ తీసుకెళ్లి లోపల గూట్లో పెట్టి వచ్చింది. మొహం కడుక్కుంది. పుడక సర్దుకుంది.  

"ఒలే ముత్యాలూ, నీ మేకల్ని కట్టీయే. ఆయన వచ్చీసరికి అవి ఇటు రాకూడదు, నింద ఆటి మీదకి పోతాది" అని గోడకేసి చెప్పి, నా వైపు తిరిగింది.

"బాబూ, నువ్వో పని సెయ్యాల. రోడ్డు మీద బస్సు ఆగీ కాడికి ఎల్లు. బట్టతల, బుజం మీద తువ్వాలు, గుర్తు పట్టీస్తావు. అప్పలస్వామి గారా అని అడిగి, నీడలో నడిపించుకుని తీసుకురా. దార్లో బండి మాట ఎత్తకు. మా సెల్లెమ్మ ఉందా, అని అడుగుతారు. ఉంది, మీ కోసమే కూకుంది, అని సెప్పు. అదొక్కటే సెప్పు బాబూ. మిగతాది నేను సెప్పుకుంటాను. ఎల్లు, బేగి ఎల్లు, నాకు మల్లీ సంచీ మీదకి మనసు పోకముందే."