సున్నా, సున్నం

మా పాస్టరమ్మగారు ఆపరేషన్ కోసం విశాఖపట్నం వెళ్తూ తన చేపల్ని నాకు అప్పగించారు. ఏడు గప్పీలు, వాటి గాజు తొట్టి. సంఘంలో ఇంతమంది ఉండగా నాకే ఎందుకంటే, ఏళ్ల తరబడి సండే స్కూల్లో పిల్లల్ని కూర్చోబెడుతున్నాను కాబట్టి చేపల్ని చూడటం నాకు కష్టం కాదని ఆమె నమ్మకం.

"అన్నయ్యా, మిగతా ఆరూ ఎవరు మేత వేసినా తింటాయి. ఈ ఎర్ర తోకది మాత్రం నా చేతికి అలవాటు పడింది. నేను తిరిగొచ్చేసరికి ఇది ఉండాలి" అన్నారు. కత్తి కిందకి వెళ్తున్న మనిషి తన గురించి కాకుండా చేప గురించి మాట తీసుకున్నారు. నేను ఇద్దరి గురించీ ప్రార్థిస్తానని చెప్పాను.

ప్రార్థించి ఊరుకుంటే సరిపోయేది. ఆ తొట్టిలో బోరు నీళ్లు, గుప్పెడు గులకరాళ్లు తప్ప ఏమీ లేవు. నాకది మరీ బీదగా కనిపించింది. ఫోనులో వీడియోలు చూశాను. కాశీబుగ్గలో కొట్టువాణ్ణి అడిగి నీటిమొక్కలు తెచ్చి నాటాను. మొక్కలు ఏపుగా ఎదగాలంటే నీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ పంపాలట. సీసాలో పంచదార నీళ్లు, ఈస్టు కలిపి, మూతకి సన్న గొట్టం బిగిస్తే ఆ వాయువు బుడగలు బుడగలుగా దిగుతుందట. పులిసినదాని జోలికి పోకూడదని పిల్లలకి పాఠం చెప్పేవాణ్ణే, స్వయంగా పులియబెట్టాను.

"సేపల్ని సూడమంది గానీ, తోటెయ్యమందేటి బావా?" అంది మా ఆవిడ. ఆవిడది అక్కుపల్లి. వేటకెళ్లే ఇల్లు. చేపకి కూర కాకుండా ఇంకో గతి ఉంటుందని నాతో పెళ్లయ్యాకే తెలిసిందంటుంది.

ఆ గురువారం గృహ కూడిక మా ఇంట్లోనే. ప్రార్థనలో అందరి కళ్లూ మూసుకునే ఉన్నాయి గానీ ముక్కులు మూసుకోలేదు. 'ఆమేన్' అన్నాక మా సంఘపెద్ద ఒకాయన తొట్టి వైపు వెళ్లి, సీసా దగ్గర వంగి వాసన చూసి, వచ్చి నాకు కాస్త దూరంగా జరిగి కూర్చున్నారు. ఏదైనా అనుంటే బాగుండేది. మా వైపు జీడిమామిడి పళ్లు కుళ్లబెట్టి కాచే సారా వాసన తెలియని వాళ్లెవరు?

ఇంతలో నాకు ఇంకో ఆలోచన వచ్చింది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుల వల్ల బోరు నీళ్లంటే భయపడని ఇల్లు లేదు. మనం తాగని నీళ్లు, నమ్మి అప్పగించిన జీవికి ఎలా పోస్తాం? రోజూ ఇంటికొచ్చే క్యాన్ల నుంచి ఫిల్టర్ నీళ్లు తీసి, వారంలో మూడుసార్లు తొట్టిలో సగం నీళ్లు మార్చాను. వాటిని మనం మంచినీళ్లంటాం కదా. మంచినీళ్లు అన్నాక చేపకి మాత్రం చెడ్డవవుతాయా అనుకున్నాను.

నీళ్లు పరీక్షించే రంగు కాగితాలు కూడా తెప్పించాను. ముంచి తీసి, డబ్బా మీది రంగులతో పోల్చి చూశాను. కఠినత్వం దగ్గర సున్నా. నా సంతోషం ఏమని చెప్పను! కఠిన హృదయం గురించి ఇన్నేళ్లు వాక్యం చెప్పిన నోరు నాది. మనుషుల్లో ఎవరిలోనూ చూడని సున్నా, నేను పోసిన నీళ్లలో చూశాను. దాన్ని మా ఆవిడకి చూపిస్తే, "పరీచ్చలో సున్నా వొత్తే సంబరపడ్డోణ్ణి నిన్నే సూశాను బావా" అంది.

బుధవారం పొద్దున లేచి చూసేసరికి చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఎర్ర తోకది ఒక పక్కకి ఒరిగి మొక్క మొదట్లో పడి ఉంది. పాస్టరమ్మగారు శనివారం వస్తున్నారు. నేను తొట్టి ముందు మోకరించాను.

మా మావయ్య, అంటే మా ఆవిడ నాన్న, కంటి పరీక్ష కోసం ముందురోజే అక్కుపల్లి నుంచి వచ్చి ఉన్నాడు. మందిరానికి రాడు గానీ నేను ప్రార్థిస్తుంటే మధ్యలో పలకరించడు. ఆమేన్ అనేదాకా ఆగి, పక్కన నిలబడి, వేలు తొట్టిలో ముంచి నాలిక మీద పెట్టుకున్నాడు. ఏ నీరైనా ఆయన అలాగే చూస్తాడు. సముద్రం నుంచి లోపలికి చీలిన కయ్యలో ఉప్పునీరు ఎంతవరకు ఎక్కిందో నాలికతోనే చెప్తాడు.

"సప్పగుంది. పైగా పులుపు తగుల్తంది. ఏటి పోశావల్లుడా?"

"మంచినీళ్లే మావయ్యా. కాగితంలో కఠినత్వం సున్నా వచ్చింది."

"సున్నా గాదల్లుడా, సున్నం కావాల దీనికి."

తరువాత తీరిగ్గా చదివితే తెలిసింది, ఆ ఒక్క మాటలో విషయమంతా ఉంది. బుడగల వాయువు నీటిని పులుపెక్కిస్తుంది. నీళ్లలో సున్నపు సారం ఉంటే, కాగితం కఠినత్వం అన్నది దీన్నే, ఆ పులుపుని తట్టుకుంటాయి. నేను ఆ సారం కాస్తా తీసేసి, పైనుంచి పగలూ రాత్రీ బుడగలు ఎక్కించాను.

మావయ్య ముందుగా గొట్టం ఊడబీకి సీసా వాసన చూశాడు. "రేత్రంతా ఈ కంపుకి నిద్ర పట్టనేదు. మీ దేవుడొద్దన్నాడని నువ్వు మానేసి, సేపలకి పోత్తన్నావేటి?"

మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు. చెంబుతో తొట్టిలో నీళ్లే తీసి పైనుంచి ధారగా పోయమన్నాడు, గాలి కలవాలని. ఆ తర్వాత బోరు నీళ్లు. నేను బిందె ఎత్తబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఒక్కసారే పోసీకు, అదిరి సచ్చిపోతాయి. సెంబుడు పోసి ఆగు. మళ్లీ సెంబుడు." మధ్యాహ్నం దాకా అదే పని. సాయంత్రం కంటి డాక్టరు దగ్గర్నుంచి వస్తూ సున్నం కాల్చే గుల్లలు దోసెడు తెచ్చి, కడిగి, చిన్న వలగుడ్డలో మూటకట్టి తొట్టి మూలలో వేశాడు. అవి మెల్లగా కరుగుతూ నీటికి సారం ఇస్తాయట. శుక్రవారానికి కాగితం మీద రంగు మారింది. ఎర్ర తోకది నిటారుగా ఈదుతోంది, తోక అంచు మాత్రం చిరిగింది. మొక్కలకి ఆ వాయువు వెలుగులోనే పనికొస్తుందట, అందుకే సీసా గొట్టాన్ని పగలు కాసేపే పెడుతున్నాను.

శనివారం పాస్టరమ్మగారు పొట్ట పట్టుకుని మెల్లగా వచ్చి తొట్టి ముందు కూర్చున్నారు. వేలు అద్దానికి ఆనించగానే ఎర్ర తోకది ఎదురొచ్చింది. "దీని తోకకి ఏమైందన్నయ్యా?" అన్నారు. దాచిపెట్టడం చేతకాక అంతా ఒప్పేసుకున్నాను, సున్నా చూసి సంతోషించడంతో సహా.

"నవ్వించకండి, కుట్లు లాగుతున్నాయి" అన్నారామె. "రేపు వాక్యం చెప్పేది మీరే కదా? అంశం ఏంటి?"

నెల ముందే రాసిపెట్టుకున్న అంశం. కఠిన హృదయం.

వంటింట్లోంచి మా ఆవిడ కేక వేసింది. "మార్సీ బావా, ఇంకోటి సెప్పు!"

నేను మార్చలేదు. దేవుడు ఇచ్చిన అంశాన్ని చేపల కోసం మార్చడం ఏమిటి? అయితే ఆదివారం మందిరంలో వాక్యం చెబుతూ, మధ్యలో 'నీళ్లలా మెత్తనైన మనసు' అని రాసుకున్న చోటికి వచ్చేసరికి, ముందు వరసలో పాస్టరమ్మగారు రెండు చేతులతో కుట్లు అదిమి పట్టుకుని, నా నోటి వైపే చూస్తున్నారు. ఆ మాట దాటేసి కింది పేరాకి వెళ్లిపోయాను.