మరిపెడ అత్తమ్మకు నేను చెప్పిన సినిమా

ఛాయ్ తాగుకుంట చెప్త గని, నవ్వొద్దు. పొద్దుగాల మరిపెడ నుంచి కబురొచ్చింది. అప్పటిసంది నాకు అన్నం సయిస్తలేదు. సినిమా కథ చెప్పి ఇంత గోస వడ్డ మనిషి వరంగల్ మొత్తంల నేనొక్కదాన్నే ఉంట.

మా ఇల్లు హన్మకొండ బస్టాండు పక్కనాయె. గదే నా ఖర్మ. పరకాలోళ్లకు పన్ను నొచ్చినా, ములుగోళ్లకు నడుము పట్టినా, దవాఖానకని మా ఇంట్లనే దిగుతరు. దవాఖాన పని జల్ది అయిపోతది. ఇగ బస్సు దాక ఏం చెయ్యాలె? "జర సినిమాకు తోల్కపోరాదే" అంటరు. మా ఆయన ఆఫీసుల ఉంటాడు. తోల్కపోవాల్సింది నేనే.

అందుకే సినిమాల సంగతి నన్నడుగుండ్రి. నా లెక్కల పాత సినిమాలే నయం. పాట మొదలువెట్టంగ కన్ను మూసి, అయిపోయినంక తెరిస్తే, కథ ఆడనే ఉంటది. ఇప్పటియి గట్ల కాదు. జరంత కునుకు తీసేలోపల హీరో జైలుకు వొయ్యి వస్తాండు, గడ్డం పెంచుతాండు, ఎవల కొడుకో మారిపోతాండు. ఫైటింగ్ సినిమాలైతే అసలే వద్దు. ఆ చప్పుడుకు నిద్ర వట్టది.

అవ్, నేను సినిమాల పండుకుంట. చీకట్ల లేచి నల్లా నీళ్లు పట్టి, చుట్టాలందరికి వండిపెట్టి, గిన్నెలు తోమి పోత. ఫ్యాన్ కింద కూసుంటే నా కండ్లు నా మాట వినయి. ఏ సినిమా గూడ ఇంటర్వెల్ దాటి చూసిన దాన్ని కాదు.

ఇంకో అలవాటు గూడ ఉన్నది. ఊరి నుంచి వచ్చినోళ్లు "వీడెవడే, ఆమె ఎందుకు ఏడుస్తాంది" అని అడుగుతనే ఉంటరు. వాళ్లు అడిగేదాక ఎందుకని, మెలకువ ఉన్నంతసేపు నేనే కథ చెప్పుకుంట పోత. ఈ రెండు అలవాట్లు కలిసి నా కొంప ముంచినయ్.

మా ఆడిబిడ్డ సరోజ మీకు ఎరుకే. పోయినేడు దానికి సంబంధాలు చూస్తాంటిమి. వచ్చినోళ్లంత రంగు తక్కువని లేచిపోయిండ్లు. పిల్ల ఒకటే ఏడ్సుడు. "వదినె, అంగట్ల బర్రెను చూసినట్టు చూస్తాండ్లు, ఇగ నేను ఎవల ముంగట కూసోను" అన్నది. అప్పుడే మరిపెడ నుంచి ఒక సంబంధం వచ్చింది. ఎరువుల దుకాణం పిలగాడు. ఎవలిదో పెండ్లిల సరోజను చూసిండట, ఇష్టపడ్డడు. సరోజకు గూడ ఇష్టమే, పైకి చెప్పది గంతే. ఇగ తల్లి ఊ అనాలె. ఈ సంబంధం గూడ పోతే పిల్ల ఏమైతదో అని నాకు ఒకటే ఫికర్.

ఆ తల్లి ఏదో దవాఖాన పని మీద హన్మకొండకు వస్తాందని తెలిసింది. ఏం దవాఖాననో మేం అడగలే. నేనే ఉపాయం చెప్పిన. మ్యాట్నీకి పోదాం, లేడీస్ బెంచీల మీద ఆమెను సరోజ పక్కకు కూసోవెడదాం, పెండ్లిచూపులన్న మాటనే ఉండదు అని. అందరు నన్ను తెలివిగలదన్నరు.

ఆ రోజు బస్సు లేటయింది. ఆమె రాలే, సినిమా మొదలైంది. నాకు ఇవుతల సరోజ, అవుతల మా ములుగు చిన్నత్త. చిన్నత్త సోడా తాగొస్తనని లేచిపోయింది. జర సేపటికి చీకట్ల ఒకామె తడుముకుంట వచ్చి ఆ జాగల కూసున్నది. చిన్నత్తే అనుకున్న.

అది అత్తకోడండ్ల సినిమా. నేను మొదలువెట్టిన.

"గీమెనే అత్త. కోడలు గంజి తాగుతాంటే గిన్నె గుంజుకుంటాంది చూడు. మరిపెడామె గూడ గట్టి మనిషేనట, మన సరోజ గతి ఏం గానో. ఇది గూడ తక్కువ తిన్లే, ఒకటంటే రెండంటది. పొయ్యి మీద పప్పు వెట్టి మాడగొడతది. కని మనసు మాత్రం వెన్న."

సరోజ నన్ను గిచ్చింది. పప్పు సంగతి చెప్పినందుకే అనుకొని ఇంకో రెండు చెప్పిన. తర్వాత పాట వచ్చింది. పక్కామె భుజం మెత్తగున్నది. పండుకున్న.

లేచి చూస్తే సినిమా అయిపోయింది, లైట్లు వెలుగుతానయ్. నా తల ఒక తెలవని ముసలామె భుజం మీద ఉన్నది. చిన్నత్త వెనుక బెంచీల నోటికి కొంగు అడ్డం పెట్టుకొని కూసున్నది. సరోజ మొఖంల నెత్తురు చుక్క లేదు.

"నేను మరిపెడ నుంచి వచ్చిన బిడ్డా" అన్నది ఆమె.

సోడా కాడ చిన్నత్తకు కలిసిందట, చిన్నత్తనే తన జాగ చూపిచ్చి లోపటికి తోలిందట. ఇంటర్వెల్ల సరోజ నన్ను లేపవోతే, పాపం పండుకోనియ్యి అని ఈమెనే ఆపిందట. ఇగ అయిపోయింది సంబంధం అనుకున్న. మా ఆయనకు ఏం చెప్పాలె, పరకాలల మా అత్తమ్మకు మొఖం ఎట్ల చూపాలె.

ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "నా కండ్లకు పొర వచ్చింది. పరీక్షకే వచ్చిన. తెర మీద అంత మసకనే. నువ్వు చెప్తాంటే కండ్లారా చూసినట్టే ఉండె. సగంల పండుకున్నవ్. తర్వాత ఉరుములు, ఏడుపులు, ఏం సమజ్ కాలే. ఆఖరికి ఆ అత్త ఏమైంది బిడ్డా?"

నాకేం ఎరుక? సరోజ నోరు తెరవవోయింది. దాని కాలు తొక్కిన.

"అత్త మారిపోయింది అత్తమ్మా. కోడల్ని కడుపుల వెట్టుకున్నది. ఇద్దరు ఒక్క కంచంల తిన్నరు."

ఆమె కండ్లు తుడుచుకున్నది. సరోజ మొఖాన్ని రెండు చేతులతోని దగ్గరికి తీసుకొని చూసింది. "రంగుదేమున్నది, నాకు అందరు ఒక్కతీరుగనే కనవడ్తరు. పప్పు మాడితే మాడనియ్యి. కడుపుల వెట్టుకుంట" అన్నది. సరోజ ఆడనే ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన.

రిక్షా ఎక్కినంక సరోజ మెల్లగ చెప్పింది. "వదినె, ఆ అత్త బావిల వడి చచ్చింది. కోడలు చెయ్యిస్తే ఇదిలిచ్చుకొని, తిట్టుకుంట వడ్డది."

పెండ్లయింది. అత్తకోడండ్లు మంచిగున్నరు. నిజంగనే అప్పుడప్పుడు ఒక్క కంచంల తింటరట. ఇదంత మంచిదే. కని మరిపెడ అత్తమ్మకు కండ్ల ఆపరేషన్ గూడ అయింది. అద్దాలు పెట్టుకొని ఇప్పుడు చీమను గూడ గుర్తు వడ్తాంది. ఆ పాడు సినిమా మళ్ల హన్మకొండల వడ్డది.

పొద్దుగాల వచ్చిన కబురు గదే. ఆదివారం వస్తాందట. ఒక్క కంచంల తినేది తన కండ్లతోని చూడాల్నట, పక్కకు నేనే కూసోవాల్నట. మా ఆయనకు చెప్తే, "నువ్వు కట్టిన కథ, నువ్వే చూసుకో" అన్నడు.

నాకు ఒక్కటే తొవ్వ దొరికింది. ఆమెను శనివారమే రమ్మంట. తెల్లారి చీకట్ల లేపి ముచ్చట వెడ్త, నల్లా కాడ నిలవెడ్త, పొద్దంత కూసోనియ్య. ఇంటర్వెల్ దాటంగనే అలిసి నా భుజం మీద ఆమె పండుకోవాలె, లేచినంక ఒక్క కంచం ముచ్చట చెప్పెటందుకు నేను మెలకువ ఉండాలె.

ఆమె సంగతేమో గని, నా సంగతి నాకు ఎరుకే. ఆ అత్త బావి దాక పోకముందే నేను పండుకుంట.