తలుపు మీద తువ్వాలు

మా ఆఫీసు వాళ్లు ఒక ఫారం పంపించారు. వచ్చే నెల నుంచి వైజాగ్ వచ్చి పనిచేస్తారా, ఇంటి నుంచే చేస్తారా, ఇంటి నుంచి పని వల్ల లాభాలేమిటి, నష్టాలేమిటి, మీ మాటల్లో రాయండి అన్నారు. చోడవరం నుంచి వైజాగ్‌కి రోజూ బస్సులో వేలాడిన కాలం నా నడుముకి ఇంకా గుర్తే. అందుకని లాభాలు గబగబా రాసేశాను. బస్సు బాధ తప్పింది, మధ్యాహ్నం వేడన్నం దొరుకుతోంది. నష్టాలూ రాశాను. కరెంటు పోతుంది, పక్కింట్లో పెళ్లయితే మైకు సెట్టు మన చెవిలోనే మోగుతుంది. లాభాల్లో చివరగా ‘ఇంట్లో పెద్దవాళ్లకు అందుబాటులో ఉండవచ్చు’ అని రాసి, అక్కడ ఆగిపోయాను. ఆ లైను కొట్టేశాను.

నాది ఇన్సూరెన్సు కాగితాలు సరిచూసే ఉద్యోగం. మా ఆయన పొద్దున్నే డ్యూటీకి పోతే ఇంట్లో ఉండేది నేనూ మా అత్తా. మొదట్లో ఆమెకి ఇది ఉద్యోగమన్న నమ్మకమే లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడుతుంటే చుట్టాలతో కబుర్లనుకునేది. ఒకరోజు మీటింగులో మేనేజరు నన్ను ఏదో నిలదీస్తుంటే తలుపు తోసుకొచ్చి, “ఏటమ్మా, సేపలు పులుసెట్టమంటావా, ఏపమంటావా?” అని అడిగింది. అవతల పదిమందీ నవ్వారు. మేనేజరైతే వేపుడే బాగుంటుందన్నాడు. నేను మాత్రం నవ్వలేదు. మీటింగ్ అవగానే వంటింట్లోకి వెళ్లి, నా పరువు తీసేవని ఎగిరిపడ్డాను. “తెలీక అడిగేనమ్మా” అంది. ఆ రోజు వేపుడే చేసింది. నేను తినలేదు.

మర్నాడు నేనే ఒక ఏర్పాటు చేశాను. గది తలుపు గొళ్లేనికి ఎర్ర తువ్వాలు వేలాడితే లోపల మీటింగ్ జరుగుతున్నట్టు. అది లేకపోతే ఎప్పుడైనా రావచ్చు. ఆ తువ్వాలుకి మా అత్త ఇచ్చినంత మర్యాద మా ఇంటి పెద్దల ఫొటోలకి కూడా ఎవరూ ఇచ్చి ఉండరు. చేపలమ్మి వీధిలో కేకేస్తే ఎదురెళ్లి, “మెల్లగా అరువు, మా కోడలు మీటింగులో ఉంది” అనేది.

ఇక నా సంగతి చెప్పాలి. మీటింగ్ అయ్యాక తువ్వాలు తీయడం మొదట్లో మర్చిపోయేదాన్ని. తర్వాత కావాలనే వదిలేసేదాన్ని. ఫ్యాను కింద పడుకుని ఫోన్లో చీరలు చూసుకునేదాన్ని. అత్త చెడ్డమనిషి కాదు, కానీ మాటల పుట్ట. రోలుగుంటలో మంచాన పడ్డ వాళ్ల అక్క గురించి, ‘మా అప్ప, మా అప్ప’ అంటూ రోజుకి పదిసార్లు చెప్పేది. చిన్నప్పుడు తల్లి పోతే అత్తని చంకనేసుకుని పెంచింది ఆ అప్పే. పదకొండోసారి వినే ఓపిక లేక నేను తలుపేసుకునేదాన్ని.

మొన్నటి చెరకు నరుకుల రోజుల్లో ఒక పొద్దున్న, కె.కోటపాడు చుట్టాలు ఆటో కట్టించుకుని రోలుగుంట పోతూ మా గుమ్మం ముందు ఆగారు. అప్పకి మాట పడిపోయేలా ఉంది, నిన్నే అడుగుతోంది, వచ్చి ఎక్కు అన్నారట. ఇంట్లో మనిషికి చెప్పకుండా గడప దాటడం మా అత్తకి అలవాటు లేదు. చీర మార్చుకుని నా తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. గొళ్లేనికి తువ్వాలు వేలాడుతోంది. ఆటో అతను హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆ హారన్ నాకూ వినబడింది. ఎవడో బుద్ధిలేనివాడని విసుక్కుని ఫ్యాను ఇంకాస్త పెంచాను. చూసి చూసి వాళ్లు వెళ్లిపోయారు.

భోజనానికి బయటికొస్తే, అత్త మంచి చీరలో నా తలుపు పక్కన నేల మీద కూర్చుని ఉంది. కూర్చునే సంగతంతా చెప్పింది. అయినా అప్పటికప్పుడు బయల్దేరదామన్నానా? లేదు. “సాయంత్రం స్కూటీ మీద తీసుకెళ్తాను అత్తా” అన్నాను. మూడింటికి నిజంగానే మీటింగ్ ఉంది మరి. ఆ మీటింగ్ మధ్యలో ఫోనొచ్చింది. అప్ప పోయింది.

రోలుగుంటలో ఆడవాళ్లు మా అత్తని పట్టుకుని, “కడసూపుకైనా రాలేకపోయేవేటే” అని ఏడ్చారు. “మా కోడలికి పెద్ద మీటింగే. దానికేటి తెలుసు పాపం” అంది అత్త. దినాలయ్యేదాకా వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పింది. నేను పక్కనే టీలు అందిస్తూ అవునని తలూపాను. అంత సిగ్గుమాలిన పని నా జన్మలో ఇంకోటి చేయలేదు.

నిన్న మధ్యాహ్నం ఆ ఫారం ముందు కూర్చోలేక బయటికొచ్చాను. అత్త అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని చెప్పేశాను.

“అత్తా, ఆటో వచ్చిన రోజు నాకు మీటింగ్ లేదు. ఊరికే పడుకున్నాను.”

ఆమె చెయ్యి ఆగలేదు. “తెల్సు” అంది.

“ఏటి తెల్సు?”

“మీటింగైతే నీ గొంతు ఇనబడతాది కదా. ఆ రోజు ఫేను సప్పుడొకటే ఇనబడింది.”

“మరి తలుపు కొట్టలేకపోయేవా?”

రెండు గింజలు తీసి పక్కన పెట్టింది. “కొడదామనే సెయ్యెత్తేను. నువ్వు కోప్పడితే ఆటోలో ఉన్నోళ్లందరూ ఇంటారు. కోడలు ఇలాటిదా అని ఆళ్లు నిన్ను ఓ మాటనుకోకూడదని ఊరుకున్నాను.”

నేనలా చేస్తానా అత్తా అందామనుకున్నాను. కానీ ఆ రోజు ఆమె తలుపు కొట్టి ఉంటే నేను కోప్పడేదాన్నే.