ఒరుగుతున్న రెండో అంతస్తు

మంగళవారం ఉదయం ఆఫీసుకు బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. వాళ్ల నాన్న పోయారని మా ప్రొఫెసర్‌గారి అమ్మాయి మెల్లగా చెప్పింది. నేను "మంచు పడుతోంది, జాగ్రత్తగా డ్రైవ్ చెయ్యమ్మా" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆయన్ని మీరెవరూ ఎరగరు. అందుకే ఇది రాస్తున్నాను.

మిషిగన్‌లో నాకు చెక్క కట్టడాల పాఠం చెప్పింది ఆయనే. ఉత్తర చైనాలో, తొమ్మిది వందల ఏళ్ల నాటి బౌద్ధ గోపురం నీడ పడే వీధిలో పుట్టారు. అంత ఎత్తు గోపురమూ ఇనుప మేకుల మీద కాదు, ఒకదానిలో ఒకటి దిగిన కొయ్యముక్కల పట్టు మీదే నిలిచింది. క్లాసులో మా చేత అతుకులు చెక్కించేవారు. అతుకు కుదరక నేను సుత్తి అందుకోబోతే, "మేకు తొందరపడేవాడికి. నువ్వు ఇంకొంచెం చెక్కు" అనేవారు. నాకున్న కాస్త ఓపికా ఆయన పెట్టిందే.

చైనాకు రాకపోకలు మొదలయ్యాక, ఊరు వదిలిన ముప్పై ఏళ్లకు వెళ్లి ఆ గోపురాన్ని చూసివచ్చారు. నన్ను ఇంటికి పిలిచి, టీ కూడా ఇవ్వకుండా ఫోటోలు పరిచారు. రెండో అంతస్తు స్తంభాలు ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి.

"నా చిన్నప్పుడు వెలుతురు కోసమని మట్టిగోడలు తీసేసి, జాలీ తలుపులు పెట్టారు. గోడల్లోని ఏటవాలు ఊతకర్రలు కూడా పోయాయి. తీసిన వడ్రంగుల్లో మా నాన్న ఒకడు" అన్నారు. ఫోటోలో ఒరిగిన స్తంభం మీద వేలు పెట్టి, "మీ కార్ల కంపెనీలో కంప్యూటర్ ఉందిగా. ఎలా నిలబెట్టాలో లెక్క చూడు" అన్నారు.

మా మేనేజరు ఒప్పుకున్నాడు. నా శనివారాలన్నీ దానికే పోయాయి. లెక్కలో ఒక స్తంభాన్ని నిటారుగా నెడితే పై అతుకు విరిగేది. దాన్ని కాపాడితే పక్కది. నాలుగేళ్లకు బేస్‌మెంట్ నిండా ప్రింటౌట్లు.

"వర్కౌట్ అవ్వదని ఆయనకి చెప్పేయొచ్చు కదండీ" అంది మా ఆవిడ.

"ఎలా చెప్పను? వాళ్ల నాన్న చేతి పని అది."

పోయిన నెల ఆయన్ని చూడటానికి హాస్పిటల్‌కు వెళ్లాను. గొంతు సన్నబడిపోయింది.

"లెక్క తేలిందా?"

"ఇంకా చూస్తున్నాను సర్."

నా మొహం చూసి ఆయనకు అర్థమైంది. "నాకూ తేలలేదులే" అన్నారు.

మోచెయ్యి పరుపు మీద ఆనించి, ముంజేతిని స్తంభంలా నిటారుగా నిలబెట్టారు. అది ఒక పక్కకు ఒరగసాగింది. గబుక్కున మణికట్టు పట్టుకున్నాను.

"బిగించకు. ఊరికే చెయ్యి ఆనించు."

ఆనించి కూర్చున్నాను. కాసేపటికి ఆయనకు నిద్రపట్టింది. ఆ చేతి బరువు నా అరచేతిలోకి మెల్లమెల్లగా దిగుతూ వచ్చింది.