పెద్దమ్మ తాగిన బార్లీ నీళ్ళు

నిన్న తార్నాకలో ఒక వంటింటి కిటికీలోంచి బార్లీ ఉడికే వాసన వస్తే నిలబడిపోయాను.

నాకు ఆరేళ్ళప్పుడు, యూనివర్సిటీ క్వార్టర్స్‌లో మాతో ఉండే పెద్దమ్మకు కడుపులో నీరు చేరింది. పిల్లలు లేని మనిషి. ఉబ్బు తగ్గాలని అమ్మ ఉప్పు లేని సొరకాయ కూర, బార్లీ నీళ్ళు ఇచ్చేది. ఆమె సగం వదిలేసేది. ఆ పొట్ట చూసి నేను పాప పుడుతుందనుకున్నాను.

"పెద్దమ్మా, తమ్ముడా, చెల్లెనా?"

ఆమె నన్ను దగ్గరికి లాక్కుంది. "నీకెవరు గావాలె బిడ్డా?"

"చెల్లె."

"సరే, చెల్లెనే అనుకుందాం," అని నా చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. ఆ రోజు నుంచి చప్పటి కూర ఒక్క ముక్క వదల్లేదు.

నెల తర్వాత, పెద్దమ్మను చేర్చిన ఆసుపత్రి నుంచి అమ్మ ఒక్కతే వచ్చింది. చెల్లెలిని అక్కడే ఎందుకు వదిలేశారని అడిగాను.

తనది రోగమని పెద్దమ్మకు తెలుసు. అయినా ఆ నెలంతా పొట్ట మీద చెయ్యి వేసుకునే పడుకునేది.